ఎండలో తిరిగే పని కాదని ఎవరు చెప్పారమ్మా?

పాపా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని, భూగర్భ జలాల మీద కంప్యూటర్ సిమ్యులేషన్ చేస్తావని చెప్పి, ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అంది. "నీ మాదిరి ఎండలో తిరిగే పని కాదంటన్నా, అంతా ఏసీ రూములో కంప్యూటర్ ముందరేనంట." దాని సంతోషం దానిది. దాని పెళ్ళయిన కొత్తలో నేను కళ్యాణదుర్గం దారిలో వడదెబ్బ తగిలి పడిపోతే ఆసుపత్రిలో రెండు రోజులు పక్కనే కూర్చున్నది అదే కదా.

నాకు గర్వంగా లేదనుకోకు. పొద్దున పాలు పోసే అబ్బాయి మొదలుకొని బ్యాంకులో పెన్షన్ కోసం వచ్చిన ముసలాళ్ళ దాకా అందరికీ చెప్పుకున్నాను, మా చెల్లెలి కూతురు నా లైన్లోకే వస్తోంది అని. కానీ ఆ "ఎండలో తిరిగే పని కాదు" అన్న మాట మాత్రం చెప్పులో రాయిలా రెండు రోజుల నుంచీ గుచ్చుతూనే ఉంది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, ఎత్తినా "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు మామూలు సంగతులు. కంప్యూటర్లో లెక్క నడిపిన ప్రతిసారీ, అంటే ప్రతి రన్నూ, తేదీ వేసి రెండు చోట్ల దాచుకో. మన జిల్లా పాత రికార్డుల్లో అడుగులూ మీటర్లూ కలిసిపోయి ఉంటాయి, ఏది ఏదో చూడకుండా ఒక్క అంకె కూడా ఎక్కించకు. ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాష అంటే నవ్వకు, నువ్వు రేపు వాడబోయే భూగర్భ జలాల ప్రోగ్రాం, ఆ మోడ్‌ఫ్లో, పుట్టింది అందులోనే. పాయింటు తర్వాత అంకెలు కత్తిరించే ముందు ఆలోచించు. 1961లో లోరెంజ్ అనే ఆయన తన వాతావరణ లెక్కను మధ్యలోంచి మళ్ళీ నడుపుతూ 0.506127 బదులు 0.506 అని కొట్టాడు, కాసేపటికి మొత్తం వాతావరణమే వేరైపోయింది. అందులోంచే ఒక పెద్ద శాస్త్రం పుట్టింది గానీ, అందరికీ అట్లాంటి అదృష్టం ఉండదు. గైడుతో పోట్లాట పెట్టుకోకు, పెట్టుకుంటే నీ లెక్క రెండుసార్లు చూసుకున్నాకే పెట్టుకో. వేళకు తిను. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను కంప్యూటర్ అంటే పడని ముసలాణ్ణి కాదు. మా ఆఫీసులో మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దాని మీద గుడ్డ కప్పి, గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. ఆ గుడ్డ తీసి నేర్చుకున్న మొదటి నలుగురిలో నేనూ ఒకణ్ణి. మన పనికి సిమ్యులేషన్ ఎందుకు కావాలో నాకు బాగా తెలుసు. లాబ్‌లో అయితే ఒక గాజు గొట్టంలో ఒక రకంగా, ఇంకో గాజు గొట్టంలో ఇంకో రకంగా చేసి పోల్చుకోవచ్చు. పెన్నా నదిని రెండు చేయలేం. ఒక పెన్నా పక్కన వెయ్యి బోర్లు వేసి, ఇంకో పెన్నాను అట్లాగే వదిలేసి, ముప్పై ఏళ్ళు ఆగి చూడలేం. భూమి మొత్తానికైతే ఇంకా కష్టం. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపు అయితే ఏమవుతుందో చేసి చూడ్డానికి రెండో భూమి లేదు. అందుకే మనాబే, వెదరాల్డ్ అనే ఇద్దరు వాతావరణ శాస్త్రవేత్తలు కలిసి 1967లో కంప్యూటర్లో ఒక నిలువు గాలి స్తంభం కట్టి లెక్కేశారు, సుమారు 2.3 డిగ్రీలు వేడెక్కుతుందని వచ్చింది. మనాబేకు 2021లో నోబెల్ ఇచ్చారు. నలభై ఏళ్ళు నేను కొలిచిన వాన లెక్కలు కూడా ఆ లెక్క ముందర చిన్నవే.

ఇంకోటి, మన హైదరాబాద్‌లో పుట్టిన అనీసుర్ రహ్మాన్ అని ఒకాయన ఉండేవాడు. 1964లో అమెరికాలో కూర్చొని 864 ఆర్గాన్ అణువుల్ని కంప్యూటర్లో వదిలి, ఒక్కోటి పక్కదాన్ని ఎట్లా తోస్తుందో, ఎట్లా లాగుతుందో లెక్కేసి, ద్రవం అంటే లోపల ఏం జరుగుతుందో చూపించాడు. కంటితో ఎవరూ చూడలేనిది. ఆ పద్ధతి పెట్టుకునే ఇప్పుడు మందులు తయారుచేసేవాళ్ళు కూడా పని చేస్తున్నారు. నీ క్లాసులో ఎంతమందికి ఆయన పేరు తెలుసో అడిగి చూడు, నాకు రాయి.

అంతకు పదేళ్ళ ముందు అమెరికాలోనే లాస్ అలమోస్ లాబ్‌లో ఫెర్మీ, పాస్తా, ఉలం అని ముగ్గురు శాస్త్రవేత్తలు ఇంకో పని చేశారు. స్ప్రింగులతో వరుసగా కలిపిన గుండ్ల గొలుసును కంప్యూటర్లో ఊపారు. ఊపు మెల్లగా అన్ని రకాల కదలికల్లోకీ చెదిరిపోతుందని వాళ్ళ నమ్మకం. చెదిరినట్టే చెదిరి, కొంతసేపటికి దాదాపు మొత్తం మళ్ళీ మొదటి కదలికలోకే తిరిగొచ్చేసింది. ఆ ప్రోగ్రాం రాసింది మేరీ త్సింగౌ అనే ఆమె, ఆమె పేరు కూడా కలిపి చెప్పడానికి లోకానికి యాభై ఏళ్ళు పట్టింది. (నువ్వు రాసిన కోడ్ మీద నీ పేరు ఉందా లేదా చూసుకో, ఇది కూడా సలహానే.) చూడు, సమీకరణం రాసింది వాళ్ళే, గొలుసు కట్టింది వాళ్ళే, అయినా జవాబు వాళ్ళు ఎదురుచూసింది కాదు. మనం పెట్టిందే కదా కంప్యూటర్ తిరిగి చెప్తుంది అనేవాళ్ళకు నేను ఈ కథే చెప్తాను.

కానీ ఆ గొలుసుకూ మన నేలకూ ఒక తేడా ఉంది, అది నాకు బుద్ధి వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆ గొలుసులో బయట ఏమీ మిగల్లేదు. ఉన్నదంతా లోపలే ఉంది. మన నేల విషయంలో లోపల పెట్టింది పిడికెడు, బయట మిగిలింది కొండంత.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలీదు.

1997 అనుకో. కళ్యాణదుర్గం దాటినాక ఒక చిన్న వంక, అంటే వాగు, దాని చుట్టూ ఆరేడు ఊర్లు. అక్కడ ఎక్కడెక్కడ బోర్లు వేస్తే నీళ్ళు పడతాయో మోడల్ చేసి చెప్పమన్నారు. మన దగ్గర వాన సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల చిల్లర, రాతి నేలలో అందులో పదో వంతు లోపలికి దిగితే గొప్ప. పద్నాలుగు బావుల్లో మూడేళ్ళ నీటిమట్టాలు ఉన్నాయి. నేను ఆ ప్రాంతాన్ని అర కిలోమీటర్ గడులుగా కోసి, ఒక్కో గడికి రాయి ఎంత నీళ్ళు పారనిస్తుంది, వాన ఎంత దిగుతుంది అని అంకెలు ఇచ్చాను. మొదటి రన్‌లో లెక్కకూ బావికీ పొంతన లేదు. అంకెలు మార్చాను. మళ్ళీ మార్చాను. నెలన్నర. ఒక రాత్రి పదకొండింటికి, మోడల్ గీసిన గీత బావుల చుక్కల మీద కూర్చుంది, పాపా, అచ్చం సూదిలోకి దారం దూరినట్టు. ఆ ఆనందం నీకూ వస్తుంది. వచ్చిన రోజు నన్ను తలుచుకో.

రంగుల ప్రింటర్ మా దగ్గర లేదు. పటం తెల్ల కాగితం మీద తీసి ఇంటికి తెచ్చాను. మీ అత్త, మా వాడి స్కెచ్ పెన్నులు తీసుకొని, నీళ్ళు బాగా ఉన్నచోట నీలం, తక్కువ ఉన్నచోట పసుపు వేసింది. చాలా నీటుగా వేసింది, గీత దాటకుండా. ఆ పటాన్ని మీటింగులో గోడకు తగిలిస్తే అందరూ లేచి దగ్గరికొచ్చి చూశారు. అంతకు ముందు పదిహేనేళ్ళు నేను అంకెల పట్టికలు ఇస్తే ఒక్కడూ లేచి రాలేదు.

ఆ పటంలో పడమటి పక్క ఒక పెద్ద నీలం మడుగు ఉంది.

అక్కడ ఏముందంటే, ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక నల్లరాళ్ళ దిన్నె. మన పుస్తకాల్లో డోలరైట్ డైక్ అంటాం. ఎప్పుడో కరిగిన శిల పాత గ్రానైట్ పగుళ్ళలోకి ఎగదన్ని గడ్డకట్టిన గోడ. నేల మీద కనిపించేది నాలుగు నల్ల బండలే, లోపలికి మాత్రం అది గోడే. వంక నీళ్ళు తూర్పు నుంచి వస్తాయి, గోడ దగ్గర ఆగిపోతాయి, గోడకు ఇవతల బావులు నిండుతాయి, అవతల ఎండిపోతాయి. జియాలజీ చదివినవాణ్ణి, ఇది నాకు తెలీదా? తెలుసు. కానీ ఆ డైక్ వెడల్పు ఇరవై మీటర్లు, నా గడి అర కిలోమీటరు. ఇరవై మీటర్ల గోడ అర కిలోమీటర్ గడిలో ఎక్కడ పెట్టను? వదిలేశాను. గడులు చిన్నవి చేస్తే ఆ కంప్యూటర్ ఒక రన్నుకు పూట పట్టేది.

ఇది ఒక తప్పు. రెండోది ఇంకా సిగ్గుచేటు. ఆ పద్నాలుగు బావుల్లో పదకొండు తూర్పు పక్కనే ఉన్నాయి, ఎందుకంటే రోడ్డు అక్కడ ఉంది, మా జీపు అక్కడి దాకే పోతుంది. పడమట ఉన్నవి మూడు. అందులో రెండిటికి రికార్డులో "పొడి" అని రాసి ఉంది. పొడి అనేది అంకె కాదు కదా, కంప్యూటర్ తీసుకోదు. తీసేశాను. అర్థమైందా? అక్కడ నీళ్ళు లేవు అని గొంతు చించుకుని చెప్తున్న రెండు బావుల్ని, అంకె చెప్పడం రాలేదని బయటికి నెట్టేశాను. ఇక మిగిలిన పన్నెండు బావులకు గీత కుదరక ఏం చేస్తుంది?

మీటింగ్ అయ్యాక ఊర్లో ఒక రైతు వచ్చాడు. యాభై ఏళ్ళు ఉంటాయి, శెనక్కాయ పండించేవాడు, భూమి ఆ నీలంలో ఉంది. చేతులు కట్టుకొని అడిగాడు: "సార్, ఆ నల్లరాళ్ళకు ఆవల మా తాతల నాటి నుంచి బావి పడలేదే. మీరేమో నీలం ఏసినారు?"

నేనేమన్నానో తెలుసా? "కంప్యూటర్ చెప్తోంది" అన్నాను.

కంప్యూటర్ ఏం చెప్పింది, నా బొంద. చెప్పింది నేను. గడి సైజు పెట్టింది నేను, గోడ వదిలింది నేను, బావులు తీసేసింది నేను. కానీ నా నోటితో నేను చెప్తే అతను ఎదురు చెప్పేవాడు, వాదించేవాడు, నన్ను చేయి పట్టుకొని ఆ దిన్నె మీదికి తీసుకెళ్ళి చూపించేవాడు. కంప్యూటర్ అనేసరికి తల ఊపి పోయాడు. ఎద్దుల జత అమ్మాడు. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టాడు. మూడు బోర్లు వేశాడు, మూడోది మూడొందల అడుగులు. నేను వెళ్ళేసరికి రిగ్గు చుట్టూ తెల్లటి రాతి పిండి, బండి టాపు దాకా దుమ్ము. అతని భార్య కొంగుతో ముక్కు మూసుకొని నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. ఆ సంవత్సరమే బెంగళూరు వెళ్ళిపోయారు, బిల్డింగ్ పనులకు.

ఆఫీసులో నన్నెవరూ ఏమీ అనలేదు. అదే నాకు ఇంకా కష్టమైంది. రిపోర్టులో "మోడల్ పరిశీలనలతో బాగా సరిపోయింది" అని ఉంది, అది నిజమే కదా. ఆ పటం మీ అత్త బీరువాలో చాలా రోజులు ఉంది. ఒకసారి చింపబోతే ఆమే చేయి పట్టుకొని ఆపింది. "నేనేసిన రంగు అందులో ఉంది, నువ్వు చింపితే నా పాపం పోతుందా?" అంది. ఆమె లేదిప్పుడు. పటం ఉంది.

ఎందుకు సరిపోయిందో తర్వాత కూర్చొని లెక్క చూస్తే తల తిరిగింది. నీటిమట్టాలు మాత్రమే కొలిచి మోడల్‌ను సరిపెడితే, వాన దిగేది రెట్టింపు చేసి, రాయి పారనిచ్చేదీ రెట్టింపు చేయి, మట్టం అదే వస్తుంది. రెండూ సగం చేయి, అప్పుడూ అదే. నెలాఖరుకు డబ్బాలో మిగిలిన డబ్బు చూసి జీతం ఎంతో చెప్పమన్నట్టు. పదివేలు వచ్చి తొమ్మిది వేలు ఖర్చయినా వెయ్యే, యాభై వేలు వచ్చి నలభై తొమ్మిది పోయినా వెయ్యే. అందుకని నీ మోడల్‌కు మట్టాలు ఒక్కటే చాలవు. పారే నీరు ఎక్కడో ఒకచోట కొలువు. వంకలో కొలువు, ఊటలో కొలువు, రైతు మోటరు గంటకు ఎంత తోడుతోందో బకెట్టూ గడియారం పెట్టి కొలువు. దీనికి ఎండలో తిరగాలి, ఏం చేస్తాం.

కొన్నేళ్ళకు ఒక స్నేహితుడు జిరాక్స్ కాగితాలు కొన్ని పంపాడు. 1992లో కోనికో, బ్రెడెహోఫ్ట్ అనే ఇద్దరు, వాళ్ళిద్దరూ మన నీళ్ళ పనివాళ్ళే, భూగర్భ జలాల మోడల్‌ని సరైనదని నిరూపించడం కుదరదు, తప్పని తేల్చడం మాత్రమే కుదురుతుంది అని రాశారు. 1994లో ఒరెస్కెస్ అనే ఆమె, ఇంకో ఇద్దరు కలిసి సైన్స్ పత్రికలో ఇదే మాట ఇంకా పెద్ద గొంతుతో చెప్పారు. ప్రకృతిలోని వ్యవస్థలు మూసిన డబ్బాలు కావు, కాబట్టి కొలిచినదానితో లెక్క సరిపోయినంత మాత్రాన లెక్క నిజమైనట్టు కాదు అని. తారీఖులు చూసుకున్నాను. నేను నీలం వేయడానికి ముందే రాశారు. అనంతపురానికి రావడానికి టైం పట్టింది, అంతే. నీకు ఆ సాకు లేదు, నీ ఫోన్‌లోనే అన్నీ దొరుకుతాయి.

గడుల సంగతి చిన్నదనుకుంటావేమో. నార్వేలో 1991 ఆగస్టు 23న స్లీప్నర్ అనే ఒక పెద్ద కాంక్రీటు కట్టడం, సముద్రంలో చమురు, గ్యాసు తీసే ప్లాట్‌ఫారం కోసం కట్టింది, పరీక్ష కోసం నీళ్ళలోకి దించుతుంటే గోడ పగిలి మునిగిపోయింది. మనుషులు బతికారు, అది దేవుడి దయ. కారణం చూస్తే, కంప్యూటర్ లెక్కలో ఆ గోడ మూల దగ్గర వలను, అంటే నా గడుల్లాంటివాటిని, సరిగ్గా, సన్నగా అల్లలేదు, గోడ మీద పడే కోత ఒత్తిడి 47 శాతం తక్కువగా వచ్చింది. తర్వాత జాగ్రత్తగా మళ్ళీ లెక్కేస్తే 62 మీటర్ల లోతులో పగలాలి అని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే ఆ యంత్రానికి చెప్పడం చేతనయ్యే ఉంది, అడిగినవాళ్ళ వలే మొరటుగా ఉంది. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు నార్వేవాళ్ళ మీద జాలి కంటే నా ఇరవై మీటర్ల గోడే గుర్తొచ్చింది.

మీ అమ్మ ఇంకో మాట అంది, నువ్వు సమీకరణాలు కూడా లేకుండా ఏఐతో చేస్తావేమో అని. చెయ్, నాకేం అభ్యంతరం లేదు. ప్రోటీన్ల ఆకారం చెప్పే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐని తయారుచేసినవాళ్ళకు 2024లో నోబెల్ వచ్చింది కదా. కానీ అది నేర్చుకున్నది దేంట్లోంచి? 1971 నుంచి లోకంలోని లాబ్‌లన్నీ ఒక్కో ప్రోటీన్‌నూ కష్టపడి కొలిచి ఒకచోట పోగేసిన ఖజానాలోంచి. మన బావులకు అట్లాంటి ఖజానా ఎక్కడుంది? ఉన్నదాంట్లో సగం రోడ్డు పక్క బావులే. అందులోనూ కొన్ని, చెప్పకూడదు గానీ, సైకిల్ మీద పోవడానికి బద్ధకించి పోయిన నెల అంకెకే అటూ ఇటూ మార్చి రాసినవి. ఆ అంకెలతో నేర్చుకున్న ఏఐకి బద్ధకం బాగా వస్తుంది.

కోప్పడుతున్నాననుకోకు. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు సెలవులకొచ్చి, నా వెంట జీపులో బుక్కపట్నం చెరువు దాకా వచ్చావు, గుర్తుందా? బావిలోకి టేపు వదిలితే నీళ్ళు తాకినప్పుడు "టప్" అని వినిపిస్తుందని చెప్తే, బావి గట్టు మీద బోర్లా పడుకొని చెవి పెట్టి విన్నావు. మీ అవ్వ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది, బిడ్డను బావి గట్టు మీద పడుకోబెడతావా అని. నాకు మాత్రం ఆ రోజే అనిపించింది, నువ్వు నా లైన్లోకే వస్తావని. అందుకే ఆ ఏసీ రూము మాట నాకంత బాధ కలిగించింది. నా భయం నీ తెలివి మీద కాదు. నీ రంగుల పటం నా పటం కంటే వెయ్యి రెట్లు అందంగా వస్తుంది, తిప్పొచ్చు, పెద్దది చేయొచ్చు. ఎంత అందంగా వస్తే అంత తక్కువమంది ఎదురు అడుగుతారు. నీ పటంలో తీసేసిన బావులు ఎన్నో, వదిలేసిన గోడలు ఏవో మొదటి పేజీలోనే రాయి. చివరి పేజీలో కాదు, చివరి పేజీ ఎవరూ చూడరు.

ఆరేళ్ళ కింద కళ్యాణదుర్గం బస్టాండులో ఆ రైతు కనిపించాడు. నేను గుర్తుపట్టలేదు, అతనే పట్టాడు. బెంగళూరు నుంచి ఎప్పుడో వచ్చేశాడంట, దిన్నెకు ఇవతల కొంచెం పొలం కౌలుకు తీసుకొని కొడుకుతో కలిసి చీనీ చెట్లు చూసుకుంటున్నాడు. టీ ఇప్పించాడు. నన్ను డబ్బులు ఇవ్వనీయలేదు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకుంటూ కూర్చున్నాను. బస్సు ఎక్కేముందు అడిగాడు: "సార్, ఆ నల్లరాళ్ళు ఇప్పుడన్నా కంప్యూటర్లోకి ఎక్కించినారా?"

ఎక్కించలేదు. నేను అప్పటికే రిటైర్ అయ్యాను.

నువ్వు చేరేది జూలైలో కదా. మే నెలలో ఒక వారం ఇక్కడికి రా, అప్పుడే నీళ్ళు బాగా లోతుకు పోయి ఉంటాయి, ఏ బావి ఎంతదో తెలుస్తుంది. నా పాత టేపు ఉంది, చివర బరువు మాత్రం కొత్తది కట్టాలి. అతనికి ఫోన్ చేశాను, దిన్నె ఆ కొస నుంచి ఈ కొస దాకా తనే నడిచి చూపిస్తానన్నాడు, ఎక్కడ తెగి ఉందో, ఎక్కడ నీళ్ళు చెమ్మగా దాటుతాయో అన్నీ తెలుసంట. నీ ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకో. పొద్దున ఆరింటికే బయల్దేరాలి. చెప్పులతో రాకు, బూట్లు వేసుకొని రా, ఆ బండల సందుల్లో తేళ్ళు ఎక్కువ.

మీ మామ
అనంతపురం